ఒక బొట్టు లెక్క

ఆత్మకూర్ల పొద్దటి ఆరింటి బస్సు.
ఒళ్లె కూల్‌డ్రింకు సీసా,
సీసాల మా చెరువు.
"ఏందమ్మా, గంగనీళ్లా?" అన్నడు కండక్టరు.
చెప్పాలంటే పొద్దుగూకుతది.
నా చేతిలున్నది జీరో టికెట్టు,
ములుగు రోడ్డు దాకనే.

హన్మకొండ కాలేజీ ల్యాబుల
బొట్టు ఏసి, మీద పలక అద్దం కప్పి
కన్ను ఆనిచ్చిన.

పోయినేడు ఇదే పుష్యంల
ఇక్కడ గాజు పడవలుండె.
నీళ్లల్ల కరిగిన ఇసుక తాగి
తమ ఇల్లు తామే కట్టుకునే డయాటములు,
ఒక్కోటి మా అమ్మమ్మ సున్నపుకాయంత నగిషీ.
ఒక గడిల నలభై లెక్కవెట్టిన.
ఈయేడు అదే గడి.
మూడు.

మళ్ల లెక్కవెట్టిన. మూడే.

మిగిలిన జాగంతా పూసల దండలు,
నీలంపచ్చ పూసలు, జిగురు జిగురు,
ఒకదాని మెడ ఒకటి పట్టుకొని.
పుష్యమాసంల పూస గుచ్చ పొద్దుండదంటరు గదా,
ఈయేడు చలి రాలే,
నీళ్లే కూసోని తీరుబడిగ గుచ్చినయ్.

వానకాలం యాదికొస్తది.
నెల వాన ఒక్క రాత్రే దంచింది.
పొలాలల్ల చల్లిన యూరియా
కట్టలు తెంపుకొని మత్తడి దాక నడిచొచ్చింది.
ఆ తరువాత యాభై దినాలు చుక్క లేదు.
మడుగుల మీద ఎండ మంచమేసుకొని పండింది.

గుండె కొట్టుకునుడు బయటికే కనవడే నీటి ఈగ
ఆ దండను నోట్లె వెట్టుకొని, మింగలేక, ఊసేసి
పస్తు పండుకుంటంది.
నీటి ఈగ కోసం నోరు తెరిచిన బొచ్చె పిల్ల
నీళ్లనే మింగి, నీళ్లనే ఇడుస్తంది.
లారీల వచ్చిన పిల్లలు ఎనభై వేలని
సొసైటీ బుక్కుల నాలుగు సంతకాలున్నయ్.
వాటికి బువ్వ ఎవలు పెట్టిన్రో ఆ బుక్కుల గడి లేదు.

పోయిన మంగళవారం, ఇంక చీకటి,
నాయిన ఫోను.
"చేపలన్ని మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్ బిడ్డా,
గాలి అడుగుతున్నట్టున్నయ్."
నాకు తెలుసు. పగలంతా గాలి ఇచ్చే ఆ పచ్చదనమే
రాత్రి గుంజుకుంటది.
తెలుసుడుతోని ఏమైతది, ఫోన్ల గాలి పంపలేం గదా.
తెల్లారేసరికి
కొంగ కాలు మార్చింది, మళ్ల మార్చింది,
అంత తిండి చూసి ముట్టకుండ లేచిపోయింది.

ఇయ్యాల నాయిన ల్యాబుకొచ్చిండు.
పిట్టల రాజమొగిలి,
చెప్పులు మెట్ల కాడ ఇడిచి,
ముప్పై ఏండ్లు వల ఇసిరిన చేతులు
ఎక్కడ వెట్టాల్నో తెలువక ఎనక కట్టుకొని.

"కంటి ఎంట్రుక కనవడ్తంది బిడ్డా."
జర దూరం జరుగు నాయినా.
"ఇప్పుడు పచ్చగున్నది."
ఆ పచ్చల ఒక పడవ ఉంటది, చూడు. సన్నగ, గాజుది.
చాలాసేపు చూసిండు.
గోడ గడియారం ఒకటే సప్పుడు.
"గింత లేని దాని మీదనా
గంత చెరువు కూసున్నది?
మీ అవ్వ తట్ట గూడ దీని మీదనేనా?"

అవ్వ తట్టల ఇప్పుడు ఐసు.
ఐసు కింద ఎక్కడిదో లారీ చేప.
కొనేటోళ్లు చెవుల కాడ ఎర్రగుందా అని చూస్తరు,
ఏ చెరువుదని అడగరు.

నేను రిజిస్టర్ల రాసిన: తారీఖు, నీళ్ల వేడి, మూడు.
చివరి గడి ఖాళీ ఇడిచిన.
స్లైడు నల్లా కింద వెట్టి కడిగి
బట్ట మీద బోర్లిచ్చిన, రోజు అలవాటు.

గడప కాడ చెప్పులు తొడుక్కుంట
నాయిన తిరిగి చూసిండు.
"ఆ మూడు ఉన్నయన్నవు గదా,
సీసాల పోసియ్యి బిడ్డా.
పోతపోత చెర్ల ఇడుస్త."